పంకా ఆపొద్దు

మామగారి పళ్ళు రాలగొట్టిన కోడలని నూజివీడు చుట్టుపక్కల నాకో పేరుంది. అబద్ధమేమీ కాదు. పై వరసలో ముందు పళ్ళు పోయాయి, పెదవి చీలింది, కొట్టింది నేనే. చింతమొద్దు దిమ్మెతో కొట్టాను. ఎందుకు కొట్టానన్నది మాత్రం తలా ఒక రకంగా చెబుతారు. ఆస్తి తగాదా అంటారు కొందరు. నన్ను ఏదో అనరాని మాట అన్నారని ఇంకొందరు. అసలు కారణం చెప్పాలంటే ముందు విమానం సంగతి చెప్పాలి. మామిడితోటలో విమానమేమిటని వినేవాళ్ళు నవ్వుతారు. నవ్వేవాళ్ళకు కూర్చుని చెప్పే ఓపిక నాకు ఏనాడూ లేదు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ఎవరు నవ్వినా నాకు వినబడదు.

యాభైల చివర్లో నా పెళ్ళయింది. మా నాన్న ఉంగుటూరులో బియ్యం మిల్లు ఇంజను డ్రైవరు. మా మామగారికి నూజివీడు దగ్గర మామిడితోట, తోటలో బావి, బావి మీద నీళ్ళు తోడే కిరసనాయిలు ఇంజను ఉండేవి. ఇంజను చెడిపోయినప్పుడల్లా మా నాన్నకు కబురొచ్చేది. అలా బాగుచేయడానికి వెళ్ళి వెళ్ళి, ఒకసారి సంబంధం ఖాయం చేసుకుని వచ్చాడు. పిల్ల పొడుగ్గా, బలంగా ఉందని మా అత్తగారు ఒప్పుకున్నారట. మిల్లు ఇంజనుకు హ్యాండిలు వేస్తూ పెరిగినదాన్ని, బలం ఉండక ఏమవుతుంది.

ఆ తోట ఇంజను గురించి ఒక ముక్క చెప్పాలి. పుష్యమాసపు చలిలో అది ఒక పట్టాన లేచేది కాదు. అప్పుడు మామగారు చూరులో దాచిన పెట్రోలు సీసా తీసి, ఇంజను గాలి పీల్చే గొట్టంలో మూతెడు పోసేవారు. వెంటనే హ్యాండిలు వేస్తే ఢామ్మని పేలి, నల్లగా పొగ ఊది, లేచేది. ఆ మూతెడు పెట్రోలును తోటలో అందరూ తీర్థం అనేవాళ్ళు. తీర్థం పోసే అధికారం మామగారొక్కరిదే. ఒకసారి ఆయన ఊళ్ళో లేనప్పుడు పాలేరు ఆ సీసా ముట్టుకున్నాడని తెలిసి ములుగర్ర విరిగేదాకా బాదారు. నేను కొత్త కోడల్ని, వసారాలో నిలబడి చూశాను. ఇలాంటి ఇంటికా మా నాన్న నన్ను ఇచ్చిందని ఆ పూట అన్నం తినలేదు.

మామగారిది అగ్గిమీద గుగ్గిలం తత్వం. కోపం వస్తే చేతికి ఏది దొరికితే దానితో కొట్టేవారు. పాలేళ్ళను కొట్టేవారు, ఎద్దుల్ని కొట్టేవారు, గడ్డాలు మీసాలు వచ్చిన కొడుకును కూడా కొట్టేవారు. నా జోలికి మాత్రం రాలేదు. వస్తే ఏమయ్యేదో ఆయనకు తెలిసే ఉంటుంది. నా కోపం ఆయన కోపానికి ఏమీ తీసిపోయింది కాదు.

మా ఆయనకు మాత్రం కోపం రాదు. ఆయనది పైకి చూసే జబ్బు. యుద్ధం రోజుల్లో గన్నవరం మీద తిరిగే విమానాలను చూసి చిన్నతనంలోనే అంటించుకున్నాడట. చదువుకని మద్రాసు వెళ్ళి, చదువు సగంలో వదిలేసి, విమానం నడపడం నేర్చుకుని వచ్చాడు. పెళ్ళయిన కొన్నాళ్ళకు, ఒక ఫ్లయింగ్ క్లబ్బు వాళ్ళు వాడి వాడి పక్కన పడేసిన చిన్న విమానాన్ని కొన్నాడు. ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు, గుడ్డ బిగించి రంగు పూసిన రెక్కలు, ముక్కు మీద చెక్క పంకా. దాన్ని నడుపుకుంటూ వచ్చి తోట పక్కన మెరక చేలో దించాడు. ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చింది. మామగారు కూడా పరిగెత్తుకొచ్చారు, చేతిలో ములుగర్రతో. ఇంకా కళ్ళద్దాలు కూడా తీయని కొడుకును అందరి ముందూ భుజాల మీద, వీపు మీద కొట్టారు. మా ఆయన చేతులు తలకు అడ్డం పెట్టుకుని, దెబ్బలు రెక్క గుడ్డకు తగలకుండా పక్కకు జరిగాడు. అది చూసి నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆ విమానానికి తాళం తిప్పితే లేచే సదుపాయం లేదు. ఒక మనిషి ముందు నిలబడి చెక్క పంకాను చేతులతో పట్టుకుని కిందికి గుంజాలి. లోపల కూర్చున్న మనిషి “కాంటాక్ట్” అని అరిచిన తర్వాత గుంజి, గుంజిన ఊపులోనే వెనక్కి తప్పుకోవాలి. తప్పుకోకపోతే చెయ్యో తలో పోతుంది. ఈ పనికి మా ఆయన జి. కొండూరు నుంచి ఒక బలమైన మనిషిని తెచ్చాడు. వచ్చిన రోజే పంకా వెనక్కి తిరగబడి అతని ముంజేతిని కొట్టింది. ఎముక తోలు చీల్చుకుని బయటకు కనబడింది. అతను కింద కూర్చుని తన చేతిని తానే చూసుకుంటూ ఉన్నాడు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఒక్కడు కూడా పంకా ముట్టుకోనన్నాడు.

నేను ముట్టుకుంటానన్నాను. చీర కుచ్చెళ్ళు వెనక్కి దోపి, కొంగు నడుముకు బిగించి నిలబడ్డాను. హ్యాండిలు తిరగబడినప్పుడు ఎలా వదలాలో మిల్లులో నేర్చుకున్నదే. అత్తగారు శోకాలు పెట్టారు. కడుపు పండాల్సిన పిల్ల విమానాలు తిప్పడమేమిటని ఇరుగమ్మా పొరుగమ్మా అన్నారు. నాకు మాత్రం ఆ పని నచ్చింది. నేను గుంజితే లేచిన విమానం మా తోట మీద తిరుగుతుంటే, దాన్ని కన్నంత గర్వం వచ్చేది. ఈ మాట మా ఆయనతో కూడా అనలేదు.

మంట గురించి ఆయన ముందే చెప్పాడు. చలికి ఇంజను లేవనప్పుడు లోపల ఉన్న చిన్న పంపుతో దానికి పెట్రోలు కొట్టాలి. ఎక్కువైతే గొట్టంలో నిలవ ఉండి, ముక్కు కిందికి కారుతుంది. ఆ సమయంలో ఇంజను వెనక్కి పేలిందంటే నిలవ ఉన్న పెట్రోలు అంటుకుంటుంది.

“మంట కనబడిందని పారిపోకు,” అన్నాడు. “పెట్రోలు నేను కట్టేస్తా. గాలి మొత్తం తెరుస్తా. నువ్వు పంకా తిప్పుతూనే ఉండు. ఇంజను మంటని లోపలికి పీల్చేసుకుంటుంది. నువ్వు ఆపితే అది బయటే ఉండి రెక్క గుడ్డని పట్టుకుంటుంది.”

“మరి మీరు దిగిపోవచ్చుగా?” అని అడిగాను.

“గాలి తెరిచి ఉంది కదా, లేచిందంటే ముందుకు దూకుతుంది. ముందున్నది నువ్వు. బ్రేకులు తొక్కిపట్టుకుని నేను లోపలే ఉండాలి. నువ్వు తిప్పినంతసేపూ నేను దిగను.”

“మీరు కూర్చున్నంతసేపూ నేను వదలను,” అన్నాను.

పెళ్ళిపీటల మీద పురోహితుడు మా ఇద్దరి చేత ఏం అనిపించాడో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమై ఇద్దరం ఒప్పుకున్న మాట ఇదొక్కటే.

మొదటి మంట ఆ తర్వాతి చలికాలంలో వచ్చింది. మేము తంటాలు పడుతుంటే చూడలేక, నలభై ఏళ్ళుగా ఇంజన్లతో కాపురం చేస్తున్నవాణ్ణి నాకు తెలియదా అంటూ మామగారు వచ్చి, నేను పక్కకు తిరిగినప్పుడు ముక్కు కింద గొట్టంలో తీర్థం పోశారు. లోపల మా ఆయన అప్పటికే పంపు కొట్టి ఉన్నాడు. నేను గుంజగానే ఢామ్మని పేలి, ముక్కు కింద నుంచి పసుపు రంగు మంట నా మోకాళ్ళ మీదికి వచ్చింది. నా కాళ్ళు వెనక్కి పోతానన్నాయి. లోపలి నుంచి ఆయన “తిప్పు” అన్నాడు. తిప్పాను. మంట ఒకసారి ముడుచుకుంది, ఇంకోసారి తిప్పితే గురక పెట్టినట్టు చప్పుడై లోపలికి పోయింది. సరిగ్గా అదే సమయానికి మామగారు బావి దగ్గర నుంచి తడి గోనెపట్టా తెచ్చి దాని ముక్కు మీద కొట్టారు.

ఇంకేముంది, మంట ఆర్పింది తన గోనె అన్నారు. ఇంజను పీల్చుకుందని మా ఆయన అన్నాడు. ఏడాది పొడుగునా ఇంట్లో ఇదే రామాయణం. భోజనాల దగ్గర మామగారు విసనకర్ర ఎత్తి చూపించి, విసిరితే మంట పెరుగుతుందా తగ్గుతుందా, పొయ్యి ముందు కూర్చునే ఏ ఆడదాన్నయినా అడగమనేవారు. అత్తగారు పెరుగుతుందనే చెప్పేవారు. నా కళ్ళతో నేను చూశాను కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే నేనూ అదే చెప్పేదాన్ని. ఇంకెప్పుడూ విమానంలో తీర్థం పోయొద్దని మా ఆయన మొదటిసారి గొంతు పెంచి అన్నాడు. మామగారు కంచం ముందు నుంచి లేచి, ఎంగిలి చేత్తోనే కొడుకు చెంప పగలగొట్టారు. పప్పు మెతుకులు మా ఆయన చెంప మీద అంటుకుని ఉన్నాయి. నేను తడిగుడ్డ తెచ్చి తుడిచాను, మామగారి వైపు చూస్తూ తుడిచాను.

అరవైల్లో ఒక ఏడు మా తోటలు విరగబూశాయి. చెట్టుకు ఆకు కనబడనంత పూత. సంక్రాంతి అయిన కొద్ది రోజులకే తేనెమంచు పురుగు దిగింది. ఆకులన్నీ జిగటగా అయిపోయి, వాటి మీద మసి పట్టి, పూత మాడి రాలడం మొదలైంది. పెద్ద చెట్ల మీదికి చేతి పంపుతో మందు అందడం లేదు. విమానం వెనక సీటులో రేకు తొట్టి బిగించి, పైనుంచి పొడి మందు చల్లుతానని మా ఆయన అన్నాడు. విమానం పేరెత్తితే కర్ర ఎత్తే మామగారు ఆ మాటకు మెత్తబడ్డారు. తెల్లారకముందే లేచి పాలేళ్ళతో మందు బస్తాలు తనే మోయించారు. రెక్క మీద మంచు తనే పైగుడ్డతో తుడిచారు. ఆయన్ను అలా చూడటం నాకు బాగానే అనిపించింది.

ఆ ఉదయం పొగమంచు చెట్ల కొమ్మల దాకా దిగి ఉంది. ఇంజను లేవలేదు. మా ఆయన పంపు కొట్టడం, నేను గుంజడం, మళ్ళీ కొట్టడం, మళ్ళీ గుంజడం. నా అరచేతుల్లో బొబ్బలు లేచి చిట్లాయి. పంకా మీద నా రక్తం మరకలు అంటుకున్నాయి. ముక్కు కింద గడ్డి పెట్రోలుతో తడిసి కంపు కొడుతోంది. కాసేపు ఆగుదాం, అది ఆరాలి అని మా ఆయన లోపలి నుంచి చెప్పాడు. నేను చేతులు కడుక్కుందామని పక్కనున్న బకెట్టు దగ్గరకు వెళ్ళాను.

వెనక్కి తిరిగేసరికి మామగారు ముక్కు కింద వంగి ఉన్నారు. చేతిలో సీసా. మూతెడు కాదు, గటగటా పోస్తున్నారు.

“వద్దు మామయ్యగారూ,” అని అరిచాను.

ఆయన వినలేదు. సీసా పక్కన పడేసి, ఆడదాని బలం ఎంతని అంటూ పంకాను రెండు చేతులతో పట్టుకున్నారు. లోపల మా ఆయన స్విచ్చి ఇంకా ఆపలేదు. నా అరుపు విని ఏమైందని తల బయటపెట్టే లోపలే మామగారు గుంజారు. పంకా అడుగు దూరం తిరిగి, వెనక్కి తన్నింది. ఆయన ఎగిరి వెల్లకిలా పడ్డారు. ఢామ్మన్న చప్పుడుతో పాటు ముక్కు కిందంతా మంట అయింది. గొట్టంలోంచి మంట, రేకు కింద నుంచి మంట, కింద గడ్డి కూడా మంట. పాలేళ్ళు బస్తాలు వదిలేసి చెట్ల వెనక్కి పారిపోయారు.

నేను పరిగెత్తాను. అద్దం వెనక మా ఆయన ముఖం కనబడింది. చెయ్యి ఎత్తి గుండ్రంగా తిప్పి చూపించాడు. పెట్రోలు కట్టేశాడన్నమాట, గాలి తెరిచాడన్నమాట, ఇక నేను తిప్పాలి. మండుతున్న గడ్డిలో పాదాలు పెట్టి పంకా అందుకున్నాను. చెక్క కాలుతోంది. గుంజాను. మంట కొంచెం లోపలికి పోయి, మళ్ళీ బయటకు ఉమ్మింది. నా మోచేతుల మీద వెంట్రుకలు కమిలిన వాసన వచ్చింది. చీర అంచు అంటుకుంటే కాలితో తొక్కి మళ్ళీ గుంజాను. ఈసారి మంట సగానికి సగం ముడుచుకుంది. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని నాకు నేనే అనుకుంటున్నాను.

అప్పుడు వెనక నుంచి నా జడ గుంజారు. తల వెనక్కి విరిగినట్టయింది. మామగారు. ఒక చెయ్యి జడలో, ఇంకో చెయ్యి నా నడుము చుట్టూ. “వదిలెయ్, వదిలెయ్” అంటూ నన్ను వెనక్కి ఈడ్చారు. నేను పంకాను పట్టుకుని వేలాడాను, వేళ్ళు జారిపోయాయి. ఇద్దరం కింద పడ్డాం. ఆయన తన ఒళ్ళంతా నా మీద వేసి నన్ను లేవనివ్వలేదు.

పడుకున్నచోటు నుంచి నాకు విమానం కనబడుతోంది. మంట మళ్ళీ పెద్దదైంది. రెక్క కింద రంగు ఉబ్బి పొక్కులు పోతోంది. పొగలో మా ఆయన తల కనబడుతోంది. దిగడం లేదు. నేను వదలనన్నాను, ఆయన దిగనన్నాడు. నేను మళ్ళీ వస్తానని ఆ మనిషి మంటలో కూర్చుని ఎదురుచూస్తున్నాడు.

నేను మామగారి మణికట్టు కొరికాను. నా నోట్లోకి ఆయన రక్తం వచ్చింది. ఆయన వదలలేదు. గోళ్ళతో ముఖం గీరాను, మోకాలితో పొట్టలో పొడిచాను. మూలిగారు గాని వదలలేదు. చెయ్యి చాపితే ఏదో తగిలింది. చక్రం దొర్లకుండా అడ్డం పెట్టే చింతమొద్దు దిమ్మె. దాన్ని ఎత్తి నోటి మీద కొట్టాను. పళ్ళు విరిగిన చప్పుడు నాకు వినబడింది. అయినా వదలలేదు. ఇంకోసారి కొట్టాను. అప్పుడు చెయ్యి సడలింది. లేస్తుంటే నా జుట్టు ఒక పాయ కుదుళ్ళతో సహా ఆయన పిడికిట్లో ఉండిపోయింది.

మళ్ళీ మంటలోకి వెళ్ళాను. ఎన్నిసార్లు గుంజానో తెలియదు. ఏడుస్తూ, బూతులు తిడుతూ గుంజాను. ఆ ఇంజనును తిట్టాను, మామగారిని తిట్టాను, పైకి చూసే జబ్బు ఉన్నవాణ్ణి నాకు కట్టబెట్టిన మా నాన్నను తిట్టాను. ఉన్నట్టుండి పంకా నా చేతుల్లోంచి విడిపించుకుని తనంతట తాను తిరిగింది. నేను పక్కకు పడ్డాను. ఇంజను ఒక్క అరుపు అరిచి, ఉన్న మంటంతా మింగేసి, గొట్టంలో మిగిలిన పెట్రోలు అయిపోయేదాకా తిరిగి, ఆగిపోయింది. గడ్డి మంట మీద పాలేళ్ళు ఇప్పుడొచ్చి మట్టి పోశారు.

మా ఆయన దిగలేకపోయాడు. మంట ముందు రేకు సందులోంచి లోపలికి వచ్చి బ్రేకుల మీదున్న ఆయన పాదాలను పట్టుకుంది. నేనూ ఒక పాలేరూ కలిసి బయటకు లాగాం. బూట్ల అడుగు కరిగి ఉంది. మేజోడు తీయబోతే చర్మం దానితో పాటు వచ్చింది. తీయడం ఆపేశాను. “ఆలస్యం చేశావేంటి?” అన్నాడు, అంతే, స్పృహ తప్పింది.

బాపులపాడు వైపు నుంచి వచ్చిన ఒక లారీలో బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మామగారికి ఊళ్ళోనే ఎవరో పెదవి కుట్టారు. అత్తగారు ఆసుపత్రి వరండాలో నా రెండు చెంపలూ వాయించారు. భర్త పళ్ళు పోయినందుకు ఒకటి, కొడుకు కాళ్ళు కాలినందుకు ఒకటి అనుకుంటాను. నేను నిలబడి తిన్నాను, ఆవిడ మీద నాకు కోపం రాలేదు. మా నాన్న ఉంగుటూరు నుంచి వచ్చి, మామను కొట్టిన కూతురుకు నా గుమ్మంలో చోటు లేదన్నాడు. చోటు అడిగిందెవరని అన్నాను. నా కోపమంతా ఒక్క మనిషి మీదే. పోసింది ఆయన, గుంజింది ఆయన, మంట ఆరబోతుంటే నన్ను ఈడ్చింది ఆయన. తన గోనె గెలవాలని, తన విసనకర్ర గెలవాలని కన్నకొడుకును కాల్చబోయిన మనిషి. ఈ మాట మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో.

ఒకరోజు బట్టల కోసం ఇంటికి వచ్చాను. మెరక చేలోంచి గొడ్డలి చప్పుడు వినబడుతోంది. మామగారు నోటికి తుండుగుడ్డ కట్టుకుని విమానాన్ని నరుకుతున్నారు. మాడిన రెక్క అప్పటికే కూలి ఉంది. నన్ను చూసి ఆగారు. అడ్డం వస్తాననుకున్నట్టున్నారు. నేను షెడ్డులోకి వెళ్ళి ఇంకో గొడ్డలి తెచ్చుకున్నాను. రెండో రెక్క ఆయన నరికారు, తోక నేను నరికాను. గుడ్డ చీలుతుంటే, లోపలి కర్రలు విరుగుతుంటే, ఒకరినొకరం చూసుకోకుండా చెమటలు కారేదాకా నరికాం. ఆ ఒక్క విషయంలో ఆయనా నేనూ ఏకమయ్యాం. చివరకు పంకా మిగిలింది. దాని మీద నా చేతి మరకలు ఇంకా ఉన్నాయి. మామగారు పక్కకు తప్పుకున్నారు. నేను దాన్ని నిలువునా చీల్చాను.

మా ఆయన చేతికర్రతో ఇంటికొచ్చి ఆ కర్రల కుప్ప చూశాడు. కొన్నాళ్ళు ఇద్దరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు తనంతట తనే, నాన్నా నువ్వూ గొడవ లేకుండా కలిసి చేసిన పని అదొక్కటే కదా అని నవ్వాడు. మళ్ళీ ఎగరలేదు. తోటలో మామిడి అంట్లు కట్టడం పట్టుకున్నాడు. పైన ఎక్కడైనా చప్పుడు వినబడితే మాత్రం చేతిలో పని ఆపి తల ఎత్తేవాడు. పూత ఎలాగూ ఆ ఏడు దక్కలేదు.

మామగారు నాతో మాట మానేశారు. నేనూ మానేశాను. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. మిగిలిన పళ్ళు కూడా కదిలిపోయి ఆయన నమలలేరు కాబట్టి అన్నం మెత్తగా పిసకాలి, కూర నలపాలి. ఎవరు చేస్తారు? నేనే చేసేదాన్ని. చేసి అత్తగారి చేతికిస్తే ఆవిడ తీసుకెళ్ళి పెట్టేవారు. చేసినన్నాళ్ళూ కోపంతోనే చేశాను. కోపంతో పిసికినా అన్నం మెత్తగానే అవుతుంది. ఒకటి మాత్రం చెప్పాలి. ఆ తర్వాత మామగారు ఎవరినీ కొట్టగా నేను చూడలేదు.

అరవైలు అయిపోతుండగా అత్తగారు పోయారు. ఆ మరుసటి వేసవికి మామగారు మంచం పట్టారు. ఇక నేనే ఎదురుగా కూర్చుని పెట్టాలి. రసాల కాలం. చిన్న రసాలకు పళ్ళతో పని లేదు. కాయను అరచేతుల్లో నెమ్మదిగా నలిపి, తొడిమ తీసి నోటికి అందిస్తే చాలు. ఒక మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని అలా నలుపుతున్నాను. మామగారు నా చేతుల మీదున్న కాలిన మచ్చలు చూస్తున్నారు.

“అమ్మాయ్,” అన్నారు. ఇన్నేళ్ళలో మొదటి మాట. “ఆ రోజు నేను గోనె కోసం వెళ్ళలేదు.”

నేను నలపడం ఆపలేదు.

“వాడు అయిపోయాడనుకున్నా. నా చేత్తో నేనే చంపుకున్నాననుకున్నా. నువ్వు కూడా పోతావని పట్టుకున్నా. ఒక్కరైనా మిగలాలి కదా. నువ్వు ఎంత కొట్టినా వదలకూడదనుకున్నా.”

పండు నా చేతిలో చితికి, రసం మోచేతుల దాకా కారింది. నాకు అప్పుడు గుర్తొచ్చింది. వెనక నుంచి వచ్చి పట్టుకున్నప్పుడు ఆయన చేతుల్లో గోనె లేదు. ఒక చెయ్యి జడలో, ఇంకో చెయ్యి నడుము చుట్టూ. నేను కొరికాను, గీరాను, దిమ్మెతో మోదాను. పసివాడి నుంచి ఎద్దు దాకా ఎవరినైనా కొట్టే మనిషి ఆ రోజు నన్ను తిరిగి ఒక్క దెబ్బ కొట్టలేదు. ఇన్నేళ్ళుగా నేను లెక్కలోకి తీసుకోని సంగతి అది.

నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపమే. “మీ అబ్బాయి లోపల బతికే ఉన్నాడు మామయ్యగారూ,” అన్నాను. “మీకెందుకంత తొందర?”

“తెలియలేదమ్మా,” అన్నారు. “బతికున్నట్టు నాకు తెలిసింది నువ్వొక్కదానివే.”

వసారాలో మా ఆయన చేతికర్ర చప్పుడు వినబడింది. తోట నుంచి వస్తున్నాడు. నేను బుట్టలోంచి ఇంకో రసం తీసి, నలిపి, తొడిమ తీసి మామగారి నోటి దగ్గర పెట్టాను. మామగారు రెండు చేతులూ ఎత్తి నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. ఈసారి నేను విడిపించుకోలేదు.